మీ ఇల్లు, మీ ఏరియా గురించి ఫ్రెంచిలో చెప్పడం: మొదటి వాక్యం నుంచి రెండు నిమిషాల మాట దాకా

యూరప్ భాషా ప్రమాణాల ప్రకారం ఏ1 (మొదటి) స్థాయి మాట్లాడే నైపుణ్యంలో ఒక లక్ష్యం ఇది: తాను ఎక్కడ ఉంటాడో చిన్న చిన్న వాక్యాల్లో చెప్పగలగాలి. ఫ్రెంచి నైపుణ్యానికి ఇచ్చే డెల్ఫ్ సర్టిఫికెట్ ఏ2 (రెండో స్థాయి) మౌఖిక పరీక్షలో ఒక అంశం మీద సుమారు రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడాలి. అక్కడ ఇల్లు, ఏరియా తరచూ వచ్చే అంశాలు. అందుకే చాలామంది "ఏ పదాలు బట్టీ పట్టాలి?" అని అడుగుతుంటారు.

పదాల లిస్టులు ఎక్కడైనా దొరుకుతాయి. అరవై పదాలు వచ్చినా నోరు పెగలనివాళ్లు, ఇరవై పదాలతోనే ఇల్లంతా తిప్పి చూపించేవాళ్లు, రెండు రకాలూ ఉన్నారు. తేడా అంతా ఆ పదాలను ఒకదానికొకటి ఎలా కలుపుతున్నారన్న దాంట్లో ఉంది. ఈ గైడ్‌లో ఎక్కువ భాగం ఆ కలపడం గురించే.

## 1. ముందు రాత, ఉచ్చారణ సంగతి

ఇక్కడ ఫ్రెంచి మాటలన్నీ తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. వాటిని ఇలా చదవండి:

- అరసున్న (ఁ) ఉంటే ముక్కుతో పలకాలి. చివర "న్", "మ్" వినిపించకూడదు. మేజోఁ (ఇల్లు), జార్దేఁ (తోట).
- "ర్యూ" (వీధి), "స్యూర్" (మీద) లాంటి చోట్ల పెదాలు "ఊ"కి పెట్టి, నాలుకతో "ఈ" అనండి. ఆ ధ్వని తెలుగులో లేదు. "యూ" అన్నది దగ్గరి గుర్తు మాత్రమే.
- "దె" (రెండు), "ఇమెబ్ల్" (భవనం) లాంటి వాటిలో "ఎ"ని పెదాలు గుండ్రంగా చుట్టి పలకాలి.
- త, ద మన త, ద లాంటివే. ఇంగ్లిష్ అలవాటుతో ట, డ అనకండి. ఈ ఒక్క విషయంలో తెలుగువాళ్లకు శ్రమ తక్కువ.

"జ" అక్షరం ఇక్కడ రెండు వేర్వేరు ధ్వనులకు పనిచేస్తోంది కాబట్టి, ప్రతి కొత్త పదాన్ని ఆడియో ఉన్న నిఘంటువులో ఒకసారి వినండి. నోట్‌బుక్‌లో మాత్రం అసలు ఫ్రెంచి స్పెల్లింగే రాసుకోండి. రాత పరీక్షలో తెలుగు లిపి ఆదుకోదు.

## 2. పదాలకు ముందు ప్లాన్ గీయండి

ఒక కాగితం మీద మీ ఇంటి ప్లాన్, మరో కాగితం మీద మీ వీధి, చుట్టుపక్కల పది చోట్లు గీయండి. బొమ్మ బాగా రావాల్సిన పని లేదు. ఆ బొమ్మలో ఉన్నవాటికే పదాలు వెతకండి. మీ ఇంట్లో అటక లేకపోతే అటకకు ఫ్రెంచి మాట ఇప్పుడే అక్కర్లేదు.

ఎక్కువమందికి సరిపోయేవి ఇవి: లా క్వీజీన్ (వంటగది), ల సేజూర్ లేదా ల సలోఁ (హాలు), లా షాఁబ్ర్ (పడకగది), లా సాల్ ద బేఁ (స్నానాలగది), లే త్వాలెత్ (టాయిలెట్, ఎప్పుడూ బహువచనమే), ల కూల్వార్ (గదుల మధ్య నడవ), లాఁత్రే (గుమ్మం దగ్గరి భాగం), ల బాల్కోఁ (బాల్కనీ), లెస్కాల్యే (మెట్లు), లాసాఁసెర్ (లిఫ్ట్), లా కూర్ (భవనం లోపలి ఆవరణ).

పదాన్ని ఎప్పుడూ ఒంటరిగా రాయొద్దు. ముందు "ల" (పుంలింగం) లేదా "లా" (స్త్రీలింగం) అనే ఆర్టికల్ ఉండాల్సిందే. ఫ్రెంచిలో ప్రతి వస్తువుకూ లింగం ఉంది, దాని మీదే తర్వాతి వ్యాకరణమంతా నిలబడుతుంది. పుంలింగం నీలం ఇంకుతో, స్త్రీలింగం ఎరుపుతో రాస్తే కంటికి అలవాటవుతుంది.

అచ్చుతో మొదలయ్యే పదాలతో ఒక చిక్కు ఉంది. "లాఁత్రే", "లెస్కాల్యే" అన్నప్పుడు ల, లా రెండూ కుదించుకుపోయి లింగం కనిపించదు. అలాంటివాటిని "ఏఁ" (పుం), "యూన్" (స్త్రీ) చేర్చి రాసుకోండి: ఏఁ నెస్కాల్యే, యూ నాఁత్రే, ఏఁ నపార్తమాఁ, యూ నెకోల్.

లింగం ఊహించడానికి పదం చివర కొంత పనికొస్తుంది. చివర "ఆజ్", "మాఁ", "వార్" వచ్చేవి ఎక్కువగా పుంలింగాలు: ఏతాజ్ (అంతస్తు), గరాజ్, అపార్తమాఁ, కూల్వార్. చివర "స్యోఁ", "ఎత్", "రీ" వచ్చేవి ఎక్కువగా స్త్రీలింగాలు: స్తాస్యోఁ, బూలాఁజ్‌రీ (బేకరీ). మినహాయింపులు ఉన్నాయి, అనుమానం వస్తే నిఘంటువు చూడండి.

ముందుకు వెళ్లే ముందు చెక్‌లిస్ట్:

- ఇంటి ప్లాన్‌లో ప్రతి గది మీదా పేరు, దాని ఆర్టికల్
- వీధి బొమ్మలో కనీసం ఎనిమిది చోట్లు
- అచ్చుతో మొదలయ్యే పదాలన్నిటికీ ఏఁ లేదా యూన్
- ప్రతి పదం ఒక్కసారైనా ఆడియోలో విన్నది

## 3. మొదటి వాక్యం: ఎక్కడ ఉంటున్నారు

క్రియ ఒక్కటే: జాబిత్ (నేను ఉంటాను). త్యూ ఆబిత్, ఇల్ ఆబిత్, నూ జాబితోఁ, వూ జాబితే, ఇల్ జాబిత్. మాటల్లో "మేం ఉంటాం" అనడానికి ఎక్కువగా "ఓఁ నాబిత్" అంటారు. స్పెల్లింగ్‌లో మొదట "హ" అక్షరం ఉంటుంది గానీ పలకదు.

తెలుగులో ఊరికైనా, దేశానికైనా, ఇంటికైనా "లో" తగిలిస్తే సరిపోతుంది. ఫ్రెంచిలో చోటును బట్టి దాని పేరుకు ముందు వచ్చే చిన్న మాట (ముందుమాట) మారుతుంది:

- ఊరు: ఆ. జాబిత్ ఆ లియోఁ (లియోన్‌లో ఉంటాను).
- స్త్రీలింగ దేశం, లేదా అచ్చుతో మొదలయ్యే దేశం: ఆఁ. ఆఁ ఫ్రాఁస్, ఆఁ నేఁద్ (ఇండియాలో).
- హల్లుతో మొదలయ్యే పుంలింగ దేశం: ఓ. ఓ కనదా.
- బహువచన దేశం: ఓ జేతా జ్యూనీ (అమెరికాలో).
- ఇల్లు, ఫ్లాట్, ఏరియా: దాఁ. దాఁ జ్యూన్ మేజోఁ, దాఁ జేఁ కార్త్యే కాల్మ్ (ప్రశాంతమైన ఏరియాలో).
- సిటీలో, పల్లెలో, శివార్లలో: ఆఁ విల్, ఆ లా కాఁపాఞ్, ఆఁ బాఁల్యె.
- వీధి పేరు చెప్పేటప్పుడు ముందుమాట లేకుండా: జాబిత్ ర్యూ... అని నేరుగా పేరు.

ఊరి పేరులోనే ఆర్టికల్ ఉంటే అదీ కలిసిపోతుంది. ల ఆవ్ర్ అనే రేవు పట్టణంలో ఉండేవాళ్లు "ఓ ఆవ్ర్" అంటారు. పారిస్‌లో 20 పరిపాలనా విభాగాలు ఉన్నాయి. అక్కడివాళ్లు "దాఁ ల ఓఁజ్యేమ్" (పదకొండోదాంట్లో) అంటే చాలు, విభాగం అన్న మాట చెప్పరు.

## 4. అంతస్తు, గదుల లెక్క

నేలమట్టం అంతస్తు పేరు ల రేద్‌షోసే. దాని పై అంతస్తే ప్రమ్యేరేతాజ్, అంటే ఒకటోది. అంతస్తుకు ముందు "ఓ" వస్తుంది: ఓ త్ర్వాజ్యేమ్ ఏతాజ్ (మూడో అంతస్తులో). "దాఁ" పెట్టొద్దు.

ఫ్రాన్స్‌లో ఫ్లాట్ సైజు చెప్పే పద్ధతి తెలియకపోతే అద్దె ప్రకటన ఒక్కటీ అర్థం కాదు. దె ప్యేస్, త్ర్వా ప్యేస్ (రెండు గదులది, మూడు గదులది) అంటారు. ప్రకటనల్లో "తే దె", "ఎఫ్ త్ర్వా" అని అక్షరం, అంకె వేస్తారు. ఆ అంకెలో హాలు, పడకగదులు మాత్రమే లెక్క. వంటగది, స్నానాలగది, టాయిలెట్ లెక్కలోకి రావు. అంటే త్ర్వా ప్యేస్‌లో హాలు ఒకటి, పడకగదులు రెండు. డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌ను దె ప్యేస్ అన్నారంటే ఒక పడకగది పోయినట్టే.

వైశాల్యం చదరపు మీటర్లలో, అంటే మెత్ర్ కారేలో చెబుతారు. 1996లో వచ్చిన కారే చట్టం ప్రకారం, ఉమ్మడి భవనంలో ఫ్లాట్ అమ్మేటప్పుడు పైకప్పు ఎత్తు 1.80 మీటర్ల కంటే తక్కువ ఉన్న భాగం వైశాల్యంలోకి రాదు. ఏటవాలు కప్పు కింద ఉండే చిన్న గదుల వర్ణనల్లో ఈ మాట తగులుతుంది.

## 5. ఉంది, లేదు

"ఇల్ యా" అంటే "ఉంది" లేదా "ఉన్నాయి". ఒకటైనా పదైనా మారదు: ఇల్ యా ఏఁ బాల్కోఁ (ఒక బాల్కనీ ఉంది), ఇల్ యా దె షాఁబ్ర్ (రెండు పడకగదులు ఉన్నాయి).

లేదనాలంటే: ఇల్ న్యా పా ద బాల్కోఁ. ఇక్కడ "ఏఁ" పోయి "ద" వచ్చింది. బహువచనమైనా, స్త్రీలింగమైనా అదే "ద". అచ్చు ముందైతే అది కలిసిపోతుంది: ఇల్ న్యా పా దాసాఁసెర్ (లిఫ్ట్ లేదు). చాలామంది ఇక్కడ "పా ఏఁ" అంటారు. వెంటనే దొరికిపోయే తప్పు ఇది.

"సే" (ఇది ఫలానా) వాక్యంలో మాత్రం ఆర్టికల్ పోదు: స నే పా ఏఁ జార్దేఁ, సే త్యూన్ కూర్ (అది తోట కాదు, ఆవరణ).

## 6. ఏది ఎక్కడ: అసలు పని ఇక్కడే

తెలుగులో "బడి పక్కన", "పార్కు ఎదురుగా" అంటాం. చోటు పేరు ముందు, స్థానం తర్వాత. ఫ్రెంచిలో ఈ వరుస తలకిందులు. అందుకే పదాలన్నీ తెలిసినవాళ్లు కూడా వాక్యం మధ్యలో ఆగిపోతారు. దీనికి మందు ఒకటే: స్థానం చెప్పే మాటను "పక్కన" అని కాకుండా "దేని పక్కన" అన్నట్టు, తర్వాత ఏదో రావాలన్న ఎదురుచూపుతో సహా నేర్చుకోవడం.

మొదటి గుంపు, "ద" అక్కర్లేనివి: దాఁ (లోపల), స్యూర్ (మీద), సూ (కింద), దవాఁ (ముందు), దెర్యేర్ (వెనక), ఆఁత్ర్ (రెండిటి మధ్య).

రెండో గుంపు, "ద" ఉండి తీరాల్సినవి: ఆ కోతే ద (పక్కన), ఆఁ ఫాస్ ద (ఎదురుగా), ప్రే ద (దగ్గర), ల్వేఁ ద (దూరంగా), ఆ గోష్ ద (ఎడమ వైపు), ఆ ద్ర్వాత్ ద (కుడి వైపు), ఓ బూ ద (చివర), ఓ ఫోఁ ద (లోపలి చివర).

రెండో గుంపులోని "ద" వెనక వచ్చే ఆర్టికల్‌తో ఇలా కలుస్తుంది:

- ద + ల = ద్యూ: ఆ కోతే ద్యూ పార్క్ (పార్కు పక్కన)
- ద + లా, మార్పు లేదు: ఆ కోతే ద లా గార్ (రైల్వే స్టేషన్ పక్కన)
- అచ్చు ముందు: ఆ కోతే ద లెకోల్ (బడి పక్కన)
- ద + లే = దే: ఆ కోతే దే త్వాలెత్ (టాయిలెట్ పక్కన)

ఈ నాలుగు చోట్లనూ రెండో గుంపులోని ఎనిమిది మాటలతో కలిపితే ముప్పై రెండు పదబంధాలు వస్తాయి. అన్నీ గట్టిగా చదవండి. బోర్ కొడుతుంది, నిజమే. కానీ దీనికి దగ్గరదారి లేదు. ఈ డ్రిల్ చేసినవాళ్లకు పరీక్షలో ఆలోచించకుండానే "ద్యూ" వచ్చేస్తుంది.

జాగ్రత్త పడాల్సినవి మరికొన్ని:

"దవాఁ", "ఆఁ ఫాస్ ద" ఒకటి కావు. బస్టాప్ మీ భవనం గుమ్మం ముందే ఉంటే దవాఁ. రోడ్డు దాటి అవతల ఉంటే ఆఁ ఫాస్ ద.

"ఓ దస్యూ ద" అంటే పైన, "ఓ దసూ ద" అంటే కింద. తేడా అంతా ఆ చివరి అచ్చులోనే. "యూ"ని మామూలు "ఊ"గా పలికితే పై అంతస్తు పక్కింటాయన కింది అంతస్తుకు దిగిపోతాడు. అద్దం ముందు నిలబడి ఈ జంటను సాధన చేయండి.

మనిషి ఇంటికి, మనిషి పేరుతో చెప్పే చోటుకు "షే" వాడాలి: షే మ్వా (మా ఇంట్లో), షే ల మెద్సేఁ (డాక్టర్ దగ్గర). దుకాణం పేరైతే "ఆ": ఆ లా ఫార్మసీ.

ఇక ఒక అందమైన క్రియ, దీన్ని వదలొద్దు: దొన్ స్యూర్. కిటికీ, గది ఎటు తెరుచుకుంటుందో చెబుతుంది. మా షాఁబ్ర్ దొన్ స్యూర్ లా కూర్ (నా గది ఆవరణ వైపు ఉంటుంది). పుస్తకం చదివి నేర్చుకున్నవాళ్ల కంటే, అక్కడివాళ్ల నోట ఎక్కువగా వినిపించే మాట ఇది.

## 7. విశేషణాలు: తక్కువే, కానీ సరిగ్గా

పది విశేషణాలు చాలు. మామూలుగా నామవాచకం తర్వాత వస్తాయి: ఏఁ కార్త్యే కాల్మ్, యూన్ ర్యూ బ్రుయియాఁత్ (గోలగా ఉండే వీధి). ముందు వచ్చేవి కొన్ని: పతీ (చిన్న), గ్రాఁ (పెద్ద), బో (అందమైన), నూవో (కొత్త), వ్యె (పాత).

స్త్రీలింగంలో చాలావాటికి చివరి హల్లు వినిపిస్తుంది: పతీ, పతీత్, గ్రాఁ, గ్రాఁద్, బ్రుయియాఁ, బ్రుయియాఁత్. అచ్చుతో మొదలయ్యే పుంలింగ పదం ముందు బో, నూవో, వ్యె మూడూ మారతాయి: ఏఁ బెల్ అపార్తమాఁ, ఏఁ నూవెల్ అపార్తమాఁ, ఏఁ వ్యెయ్ ఇమెబ్ల్.

ఉండే చోటు మారితే అర్థం మారేవీ కొన్ని ఉన్నాయి. "మా ప్రొప్ర్ షాఁబ్ర్" నా సొంత గది, "యూన్ షాఁబ్ర్ ప్రొప్ర్" శుభ్రమైన గది. "ఏఁ నిమెబ్ల్ ఆఁస్యేఁ" పాతకాలపు భవనం, "మోఁ నాఁస్యెన్ అపార్తమాఁ" నేను ఇదివరకు ఉన్న ఫ్లాట్.

రంగులు, గోడ డిజైన్లు ఇప్పుడు వద్దు. వాటితో వాక్యాలు పొడుగవుతాయి గానీ వినేవాడికి ఇల్లు కనిపించదు.

## 8. గుమ్మం దాటి ఏరియాలోకి

ఇక్కడ కావాల్సిన కొత్త సరుకు దూరం చెప్పే పద్ధతి. "ఆ సేఁక్ మిన్యూత్ ఆ ప్యే" (నడిస్తే ఐదు నిమిషాలు), "ఆ దె సాఁ మెత్ర్" (200 మీటర్లు). ముందు వచ్చే "ఆ" మర్చిపోవద్దు. ప్రయాణానికి: ఆ ప్యే (నడిచి), ఆ వేలో (సైకిల్ మీద), ఆఁ బ్యూస్, ఆఁ మేత్రో. రవాణా బాగుంటే ఒక్క మాట: సే బ్యేఁ దెసెర్వీ.

ఇంగ్లిష్ వచ్చినవాళ్లను పక్కదారి పట్టించే పదాలు:

- లిబ్రేరీ: పుస్తకాల షాపు. గ్రంథాలయం కావాలంటే బిబ్లియోతెక్.
- లొకాస్యోఁ: అద్దె. ప్రదేశం కాదు.
- ప్లాస్: ఊళ్లోని కూడలి మైదానం, లేదా కూర్చునే సీటు.
- కావ్: భవనం కింద సామాన్ల గది.
- షాఁబ్ర్: పడకగది మాత్రమే. మామూలు గదికి ప్యేస్.
- గార్, స్తాస్యోఁ: రైలుకు గార్, మెట్రోకు స్తాస్యోఁ.

ఏరియా స్వభావం చెప్పడానికి కాల్మ్, బ్రుయియాఁ, అనిమే (సందడిగా ఉండే) సరిపోతాయి. "సే" తర్వాత విశేషణం ఎప్పుడూ పుంలింగంలోనే: వీధి గురించి అయినా "సే బ్రుయియాఁ".

## 9. అన్నీ ఒక దారిలో పేర్చడం

వినేవాడిని బయటి నుంచి లోపలికి, మళ్లీ బయటికి నడిపించండి. భవనం, అంతస్తు, గుమ్మం, గదులు, కిటికీ, వీధి, దుకాణాలు, చివర మీ అభిప్రాయం. హాలు నుంచి బస్టాప్‌కి, అక్కడి నుంచి వంటగదికి దూకితే వ్యాకరణం సరిగ్గా ఉన్నా అర్థం కాదు.

ఒక నమూనా:

> జాబిత్ దాఁ జేఁ నపార్తమాఁ, ఓ దెజ్యేమ్ ఏతాజ్ దేఁ వ్యెయ్ ఇమెబ్ల్. సే తేఁ త్ర్వా ప్యేస్. కాఁ తోఁ నాఁత్ర్, లా క్వీజీన్ ఏ ఆ గోష్. ఓ ఫోఁ ద్యూ కూల్వార్, ఇల్ యా మా షాఁబ్ర్. ఎల్ ఏ పతీత్, మే త్రే క్లేర్. ఎల్ దొన్ స్యూర్ లా కూర్. ఇల్ న్యా పా ద బాల్కోఁ. మోఁ కార్త్యే ఏ అనిమే. లా బూలాఁజ్‌రీ ఏ ఆ దె మిన్యూత్ ఆ ప్యే, ఆ కోతే ద లా ఫార్మసీ. లారే ద బ్యూస్ ఏ జ్యూస్త్ దవాఁ లిమెబ్ల్. ల స్వార్, సే తేఁ పె బ్రుయియాఁ, మే జెమ్ బ్యేఁ స కార్త్యే పార్స్ క తూ తే ప్రే.

అర్థం: పాత భవనం రెండో అంతస్తులో ఫ్లాట్. రెండు పడకగదులు, హాలు. లోపలికి వస్తే వంటగది ఎడమ వైపు. నడవ చివర నా గది. చిన్నదే గానీ వెలుతురు బాగా వస్తుంది, ఆవరణ వైపు ఉంటుంది. బాల్కనీ లేదు. ఏరియా సందడిగా ఉంటుంది. బేకరీ నడిస్తే రెండు నిమిషాలు, మందుల షాపు పక్కన. బస్టాప్ భవనం ముందే. సాయంత్రం కాస్త గోల, అయినా అన్నీ దగ్గరే కాబట్టి నచ్చింది.

దీన్ని బట్టీ పట్టకండి. వాక్యాల చట్రం ఉంచుకుని, నామవాచకాలు మీ కాగితం మీదివి పెట్టండి.

## 10. ఎక్కువగా కనిపించే తప్పులు

ప్రతి వాక్యం "ఇల్ యా"తో మొదలవడం. చోటును ముందుకు తెండి: "ఓ ఫోఁ ద్యూ కూల్వార్, ఇల్ యా..." లేదా "ల సేజూర్ ఏ తాఁ ఫాస్ ద లాఁత్రే". మూడు వాక్యాల్లో ఒకదానికే ఇల్ యా చాలు.

గదిని తిరిగి ప్రస్తావించేటప్పుడు "ఇల్", "ఎల్" తారుమారు. తెలుగులో రెండిటికీ "అది" సరిపోతుంది కాబట్టి ఇది సహజం. సవరణ మీ రంగు ఇంకులోనే ఉంది: ఎరుపు పదానికి ఎల్, నీలం పదానికి ఇల్.

"మా" (నా) పెట్టకూడని చోట పెట్టడం. అచ్చుతో మొదలయ్యే స్త్రీలింగానికి "మా" కాదు, "మోఁ": మోఁ నాఁత్రే, మోఁ నెకోల్.

మరీ గొప్ప వాక్యాలు. తెలుగులో పెద్ద వాక్యం అల్లుకుని దాన్ని ఫ్రెంచిలోకి మార్చబోతే సగంలో చిక్కుకుంటారు. చిన్న వాక్యాలు రెండు చెప్పి మధ్యలో "మే" (కానీ), "పార్స్ క" (ఎందుకంటే) వేయండి.

## 11. సాధన, ఎదురు ప్రశ్నలు

ప్లాన్ కాగితం ముందు పెట్టుకుని ఫోన్‌లో రికార్డ్ చేయండి. వింటూ మూడే చూడండి: ద్యూ, దే సరిగ్గా పడ్డాయా, లింగం కుదిరిందా, దారి తప్పారా. ఉచ్చారణ మరో విడతలో. అన్నీ ఒకేసారి పట్టుకోబోతే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. తర్వాత ప్లాన్ తిప్పేసి చూడకుండా చెప్పండి.

మీరు ఆపగానే ఎదుటివాళ్లు ప్రశ్నలు వేస్తారు. వీటికి జవాబు సిద్ధంగా ఉంచుకోండి:

- ఏ గది ఇష్టం, ఎందుకు?
- ఎవరితో ఉంటున్నారు?
- మీ ఏరియాలో ఏం లేదు?
- ఇక్కడికి రావడానికి ఏం ఎక్కారు?

జవాబు మధ్యలో పదం గుర్తు రాకపోతే మౌనంగా ఉండిపోకండి. "సే త్యూన్ ప్యేస్ ఊ ఓఁ..." (ఇది ఎలాంటి గదంటే, అక్కడ మనం...) అని మొదలుపెట్టి, అక్కడ చేసే పని చెప్పండి: "ఊ ఓఁ మాఁజ్" (తినే చోటు), "ఊ ఓఁ దోర్" (పడుకునే చోటు). చాలాసార్లు ఆ పదం ఎదుటివాళ్లే అందిస్తారు. అందించిన పదాన్ని మీ తర్వాతి వాక్యంలో వెంటనే వాడేయండి.